గది మార్పు ఫారం

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సికింద్రాబాద్‌లో నేను బిల్లులు వేసే ఆసుపత్రిలో డాక్టరు ఫీజు గదిని బట్టి ఉంటుంది. జనరల్ వార్డు నుంచి సింగిల్ రూముకి మారితే, అయిపోయిన ఆపరేషన్‌కు కూడా సర్జన్ ఫీజు కొత్త రేటులోనే లెక్కిస్తాం. అడగనిదే చెప్పొద్దని మేనేజర్ మాట.

అల్వాల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వార్డు గోలకు ఆపరేషన్ అయిన భార్య నిద్రపోవడం లేదని, గది మార్పు ఫారం నింపి ఇచ్చాడు. మేనేజర్ నా పక్కనే ఉన్నాడు. ఫారం సరిచూస్తున్నట్టు వంగి, అంచున పెన్సిల్‌తో "ఆపరేషన్ ఫీజు కూడా పెరుగుతుంది" అని రాసి, సంతకం మరిచారంటూ వెనక్కిచ్చాను. ఆయన చదివి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏందీ, మారుతలేరా?" అన్నాడు మేనేజర్.

"ఆమెనే వద్దంటున్నది సార్," అని ఆయన నా వైపు తిరిగాడు. "జెర దూది ఉంటే ఇయ్యి బిడ్డా, చెవుల్ల పెట్టుకుంటది."