ఆళ్లగడ్డ అక్క అన్నం తినే వేళ

ఆళ్లగడ్డ అక్క పోయిందన్న కబురు నాకు ఒక కంప్లైంటుగా వచ్చింది. "ఆపరేటర్ చనిపోయింది. పాస్‌వర్డ్ కావాలి." డాక్టరుగారు పంపిన ఆ రెండు ముక్కలు స్క్రీన్ మీద చదివి, ఏడుపు కంటే ముందు కోపం తెచ్చుకున్నాను.

చిన్న క్లినిక్కుల్లో పేషెంట్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేరు మాది. అది మొరాయిస్తే నంద్యాలలో మేడమీది గదిలో కూర్చున్న మాకు ఫోన్ చేస్తారు. ఒక కాల్ ముగిసిందంటే ఇంకోటి మోగుతుంది. కుర్చీలోంచి లేవాలంటే చెయ్యెత్తి అడగాలి.

అక్కను నేనెప్పుడూ చూడలేదు. ఆళ్లగడ్డలో ఒక క్లినిక్కులో చీటీలు తీసేది, డాక్టరు చెప్పినవి కంప్యూటర్లో ఎక్కించేది. ఆ పని ఆమెకు తప్ప అక్కడెవరికీ రాదు. మధ్యాహ్నం కాగానే ఫోన్ చేసేది.

"పాపా, మిషన్ నిలబడిపోయింది."

మొదటిసారి నేను కంగారుగా ఏవేవో నొక్కమన్నాను. ఆమె గొంతు తగ్గించింది. "మిషన్ బాగనే ఉంది లే. రొట్టె ఆరిపోతాంది. నేను తినేదాకా లైన్లోనే ఉండు."

వెనక నుంచి డాక్టరు గొంతు వినిపించింది. "ఏమైందమ్మా?"

"నంద్యాలోళ్లు చూస్తాండారు సార్."

ఆ మాటతో పేషెంట్లు కూడా బెంచీల మీద సర్దుకునేవారు. "మిషన్‌కు జరమొచ్చిందంటే అందరూ ఊరుకుంటారు పాపా. మనిషికి జరమొస్తే గోలీ మింగి పని చేయమంటారు" అనేది అక్క, జొన్నరొట్టె నములుతూనే.

ఒకరోజు అడిగింది. "నువ్వు తిన్యావా?"

"యాడక్కా, కాల్‌లో ఉండా."

"ఎవురి కాల్‌లో?"

"నీదే."

పొలమారేంతగా నవ్వింది. "అయితే తిను. నేనేం మీ పైవాళ్లకు చెప్పను లే."

అప్పట్నుంచి నేనూ డబ్బా విప్పేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. అక్కడ ఆమె క్యారియర్ మూత చప్పుడు, ఇక్కడ నా చెంచా చప్పుడు. ఆ గదిలో నేను కడుపునిండా తిన్నానంటే అది ఆ అక్క పుణ్యమే.

ఆమెకు ఒక్కటే కోరిక ఉండేది. రుద్రవరంలో వాళ్ల అక్క ఇల్లుంది. క్లినిక్కు తెరిచున్న రోజునే సెలవు పెట్టి అక్కడికి పోయి, అన్నం తిని, మధ్యాహ్నం పండుకోవాలి. అంతే. బస్సెక్కితే బేగా పోవచ్చు. కానీ లాగిన్ ఆమె ఒక్కదాని పేరునే ఉంది.

"ఇంకొకరి పేరు పెట్టేదానికి ఎంతసేపు పాపా?"

"టీ తాగినంత సేపు. మీ సార్ ఊ అనాల."

సార్ అనలేదు. సెలవు అడిగినప్పుడల్లా, "నువ్వు పోతే చీటీలెవరు తీస్తారమ్మా?" అనేవాడట. చెడ్డవాడు కాడు, పాపం ఏ వేళ పిలిచినా వచ్చే డాక్టరే. చేతనైనవాళ్లకే చాకిరీ అంటారు గదా, అక్కను ఆ కుర్చీకి కట్టేసింది ఆమెకు పని రావడమే.

చివరికి రెండు రోజులు జ్వరంతోనే వచ్చి కూర్చుందట. మూడో రోజు తెల్లారి లేవలేదు.

కంప్లైంటు చూసి నేనే ఫోన్ చేశాను. డాక్టరు గొంతు బాగా నలిగి ఉంది. "ఆమె పాస్‌వర్డ్ చెప్పు చాలమ్మా. ఆమె పేరుతోనే నడవనీ."

ఇంకా ఆమె పేరుతోనే. నాకు కళ్లు మండాయి.

"అట్ల కుదరదు సార్. ఆమె పేరు మూసేసి, మీ పేరొకటి, ఇంకొకరి పేరొకటి పెట్టాల."

"ఎంతసేపు పడుతుంది?"

టీ తాగినంత సేపని చెప్పాలి. "మధ్యాహ్నం దాకా పడతాది సార్. అంతవరకు చేత్తో రాసివ్వండి. ఆడ ఎవురూ కూర్చోవద్దు."

ఆయన సరేనన్నాడు. ఫోన్ పెట్టేయకుండా అలాగే బల్ల మీద ఉంచాడు. ఎవరో ముసలాయన, "చీటీ ఎవురిస్తారప్పా?" అని అడగడం వినిపించింది.

"మిషన్ నిలబడిపోయింది పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "నంద్యాలవాళ్లు చూస్తున్నారు."

నేను ఆమె పేరు మూసేశాను. లైన్ తీయలేదు. డబ్బా విప్పుకుని కూర్చున్నాను. అవతల ఫ్యాను తిరుగుతోంది. మధ్యాహ్నం దాకా ఆ కుర్చీలోకి ఎవరూ ఎవరినీ పిలవలేదు.