గోడకు అవతల

కొత్త ఉద్యోగం, కొత్త కాపురం. ఫిల్మ్‌నగర్‌లో అద్దెకు దిగిన రోజులవి. సాఫ్ట్‌వేర్ వాళ్ల వల్ల ఇళ్లకు గిరాకీ పెరగడంతో మా ఓనరుగారు తన హాలు మధ్యలో గోడ కట్టించి, అటు సగం తాముంచుకుని ఇటు సగం మాకిచ్చారు. గోడకు మేకులు కొట్టకూడదన్నదొక్కటే ఆయన షరతు.

డ్రిల్ వద్దనలేదు కదా. ఓ ఆదివారం అద్దం తగిలించడానికి ఆఫీసు స్నేహితుడి డ్రిల్ తెచ్చి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. నాలుగంగుళాల గోడ. బిట్ సర్రున మొత్తం దూసుకుపోయింది. అవతల ఓనరుగారి భార్య "అమ్మా" అని ఒక్క కేక వేశారు. ఆపైన చప్పుడు లేదు.

చెప్పుల్లేకుండానే అటు పరుగెత్తాను. ఆవిడ గోడవారన దివాన్ మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో చిక్కుడుకాయల చాట, జుట్టు నిండా సిమెంటు పొడి. తలకు జానెడు పైన రంధ్రం.

"దెబ్బేమైనా తగిలిందా ఆంటీ?"

"ఏం గాలే. జర నీళ్లియ్యి."

నీళ్లు తాగి, ఆ రంధ్రం వంకే చూస్తూ అన్నారు: "ఎన్నేండ్ల సంది మా అమ్మ ఫొటో పెడ్తనంటే మీ అంకుల్ మేకు కొట్టనియ్యలే. ఆయనొచ్చేలోపు గీడ ఏదన్న బిగియ్యి."

సాయంత్రానికి ఒకే పొడుగాటి బోల్టుకు అటు వాళ్లమ్మగారి ఫొటో, ఇటు మా అద్దం. ఓనరుగారు ఫొటోను చూశారు, భార్యను చూశారు, ఫొటోను కాస్త సరిచేసి లోపలికెళ్లారు.

ఇప్పుడు సొంత ఫ్లాటే. అయినా డ్రిల్ పట్టుకుంటే, ముందు పక్కింటికెళ్లి గోడ దగ్గరెవరూ కూర్చోలేదు కదా అని చూసొస్తాను.