ప్రూఫు మాస్టారి పెద్ద అక్షరాలు

గ్రంథాలయంలో కంప్యూటర్ల గది చూసుకునే ఆవిడను అందరూ కంప్యూటరక్క అంటారు. పొద్దున తొమ్మిదింటికి తాళం తీసింది మొదలు జనం ఆవిడ ప్రాణం తోడేస్తారు. ఒకరికి అక్షరాలు కనిపించవు, పెద్దవి చేసి పెట్టాలి. అదే కుర్చీలో తరువాత కూర్చున్నవాడికి ఆ పెద్ద అక్షరాలు చూస్తే ఒళ్ళుమంట. "అక్కా, ఎవరు చేశారిది?" అని కేక. పదకొండేళ్ళుగా ఇదే వరస. మనిషన్నాక విసుగు రాదూ!

ఆ మంగళవారం ప్రూఫు మాస్టారు వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో తప్పులు దిద్దిన మనిషి. ఇప్పుడు ఆ కళ్ళే మొరాయిస్తున్నాయి; ఎడమది నిరుడే పోయింది. కంటి ఆసుపత్రివాళ్ళు ఆయన రిపోర్టు తమ వెబ్‌సైట్లో పెట్టారట.

"కాగితం మీద వేసివ్వమ్మా. ఇంట్లో మీ పిన్నిగారి చేత చదివిస్తే ప్రతిదీ 'బాగానే ఉందంట' అనే చదువుతుంది," అన్నారు.

"నేను చదివి పెడతా మాస్టారూ, రెండు నిమిషాల పని."

"నీ నోటితో వద్దు. నా కంటితో కావాలి."

ఇక చేసేదేముంది, తెరిచింది. తెల్లటి పేజీ మీద బూడిదరంగు అక్షరాలు, చీమ తలకాయంత! కంటి ఆసుపత్రివాళ్ళకే ఆపాటి ఇంగితం లేకపోతే ఇంకెవరికుంటుంది? రెండు వందల శాతానికి పెంచితే వాక్యాల కుడి సగం తెర బయటికి పోయింది. ప్రింటు కొడితే అక్షరాలు మళ్ళీ మొదటికొచ్చాయి. పైగా మొదటి కాగితం నిండా నవ్వుతున్న డాక్టరు బొమ్మ, రెండోదాని నిండా ఫోన్ నంబర్లు.

"వీళ్ళ మొహం మండ!" అని అక్క వాటిని నలిపి బుట్టలో పారేసింది.

"మా ప్రెస్సులో ఇట్లా కంపోజు చేస్తే ఫోర్‌మన్ చెవి మెలిపెట్టేవాడు," అన్నారు మాస్టారు తాపీగా.

నాలుగో ప్రయత్నానికి దారికొచ్చింది. రీడర్ మోడ్ నొక్కితే బొమ్మలూ నంబర్లూ అన్నీ పోయి ఒట్టి మాటలు మిగిలాయి. నల్ల రంగు పెట్టి, అక్షరాల సైజు పెంచి, ప్రింటు ఇచ్చే చోట కూడా విడిగా పెంచింది. అంతసేపూ అక్షరాల ఎత్తు చూసిందే తప్ప ఒక్క మాట చదవలేదు. వద్దన్నాక పరాయివాళ్ళ రిపోర్టు చదవడం ఆవిడకు తగని పని.

మాస్టారు ఆరు కాగితాలూ కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ముక్కుకు ఆనించుకుని, వరస వరసకూ వేలు పెట్టి చదివారు. ఇరవై నిమిషాలు పట్టింది. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మూడో పేజీలో ఒక ఒత్తు పోయింది. వాళ్ళకు చెప్పు," అన్నారు. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుని, "తెర మీద ఇంకా ఎంత పెద్దవి చేయొచ్చమ్మా?" అని అడిగారు.

"ఐదొందల శాతం దాకా. ఎందుకు మాస్టారూ?"

"ఏదీ, చూపించు."

అక్క నొక్కుతూ పోయింది. నొక్కిన కొద్దీ మాటలు అంచుల్లోంచి జారిపోయాయి. చివరికి తెర మీద మూడు మాటలే మిగిలాయి. చదవకూడదనుకున్నా కళ్ళబడ్డాయి: "కుడి కన్ను కూడా". ఆవిడ చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

మాస్టారు ముందుకు వంగి ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నారు.

"స్పష్టంగా ఉంది," అన్నారు. "ఈ సైజుతో ఇంకో ఏడాది లాగించొచ్చు."