చంద్రప్ప లారీకి ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

2023 ఎండాకాలం. మదనపల్లెలో నా కంప్యూటర్ సర్వీసు షాపుకు అప్పట్లో ఎక్కువగా వచ్చేవి కాలేజీ పిల్లల ల్యాప్‌టాపులు, జెరాక్సు షాపుల ప్రింటర్లు, టమోటా మండీల బిల్లింగ్ కంప్యూటర్లు. గేమింగ్ కంప్యూటర్లు ఎప్పుడో ఒకటి వచ్చేవి. వాటిని తెచ్చేవాళ్లు కూడా మీసాలు సరిగా రాని కుర్రాళ్లే. అందుకే ఆ రోజు పుంగనూరు నుంచి వచ్చిన తండ్రీకూతుళ్లు నాకు బాగా గుర్తుండిపోయారు. గేమ్ ఆడేది కూతురు కాదు, తండ్రి.

ఆయన పేరు చంద్రప్ప. ఏళ్ల తరబడి లారీ తోలిన మనిషి. అంతకు ముందు ఏడాది కొద్దిగా పక్షవాతం తగిలి కుడిచెయ్యి మొద్దుబారింది. ఫిజియోథెరపీతో చెయ్యి చాలావరకు స్వాధీనంలోకి వచ్చినా, ఇక లారీ ఎక్కొద్దని డాక్టరు చెప్పేశారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆయన చిక్కిపోతుంటే, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు లావణ్య తన పాత గేమింగ్ కంప్యూటర్ తెచ్చిచ్చింది. లారీలు తోలే గేమ్ ఒకటి అందులో వేసి, బల్లకు బిగించుకునే స్టీరింగ్ వీల్ కూడా కొనిపెట్టింది. చంద్రప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాటలు విని కుప్పంలో ఉండే పాత డ్రైవరు స్నేహితుడు మునిరత్నం కూడా అదే గేమ్ మొదలుపెట్టాడు. ఆయన ఇంకో నలుగురిని చేర్చాడు. ఆదివారం సాయంత్రాలు అందరూ ఆన్‌లైన్‌లో కలిసి, ఒకరి వెనక ఒకరు లారీలు తోలుకుంటూ పోతారు. దాన్ని కాన్వాయ్ అంటారు.

చిక్కల్లా ఎక్కడంటే, హైవే మీద చక్కగా పోయే చంద్రప్ప లారీ ఊళ్లోకి వచ్చేసరికి ముందున్న బండిని గుద్దేస్తుంది. ఒకటికి రెండుసార్లు మునిరత్నం లారీనే గుద్దాడట. ఆ తర్వాత చంద్రప్ప ఆదివారాలు కంప్యూటర్ ముందు కూర్చోవడమే మానేశాడు.

"పెద్ద గ్రాఫిక్స్ కార్డు వెయ్యండక్కా. గేముకు కార్డే గదా ముఖ్యం" అంది లావణ్య.

"ఏమీ వద్దమ్మా" అన్నాడు చంద్రప్ప నా వైపు తిరిగి. "మిషను బాగనే ఉండాది. నా చెయ్యే మాట వినడంలే. తిప్పల్ల అనుకున్యాక తిప్పేతలికి లేటయితాంది. ఈ పాపకు చెప్తే వినదు. ఈ మిషను కొనేవాళ్లు ఎవురన్నా ఉంటే సూడు."

లావణ్య ముఖం తిప్పుకుంది. గోడవైపు చూస్తూ నిలబడింది.

ఏ భాగం మార్చాలో తేల్చే ముందు ఆడించి చూడాలి. తెర మూలన కొన్ని అంకెలు కనిపించేలా పెట్టాను. అందులో ఒకటి ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు తెరమీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పేది. మిగతా రెండూ ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో, గ్రాఫిక్స్ కార్డు ఎంత కష్టపడుతోందో చెప్పేవి.

చంద్రప్ప స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆయన తోలుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది. అద్దంలోకి ఒక చూపు, వెనకవాడికి దారివ్వడం, మలుపులో వేగం తగ్గించడం, అన్నీ తీరుగా ఉన్నాయి. చెయ్యి ఎక్కడా వణకలేదు. ఊరు దగ్గరపడింది. నాలుగు రోడ్ల కూడలిలో బొమ్మ ఆగి, ఎగిరి, మళ్లీ ఆగింది. లారీ పోయి ఒక వ్యానుకు తగులుకుంది.

ఆయన స్టీరింగ్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "సూస్తివి గదా."

"లెయ్యన్నా, నేను తోలి సూస్తా" అన్నాను.

రోజూ ఈ ఊరి ట్రాఫిక్‌లో స్కూటీ నడిపేదాన్ని, నా చేతులకు ఏ జబ్బూ లేదు. అదే కూడలిలో నేను లారీని ఏకంగా అంగడిలోకి ఎక్కించాను. తర్వాత లావణ్య కూర్చుని కరెంటు స్తంభాన్ని గుద్దింది.

చంద్రప్ప మా ఇద్దరినీ అనుమానంగా చూశాడు. "నాకోసరం కావాలని గుద్దతాండారా?"

"లేదు నాయనా, నిజంగానే తిరగలే" అని లావణ్య నవ్వాపుకోలేకపోయింది.

అంకెలు చూస్తే విషయం తెలిసింది. కూడలిలో గ్రాఫిక్స్ కార్డు సగం ఖాళీగా ఉంది. ప్రాసెసర్‌లోని ఒక కోర్, అంటే పనిచేసే భాగాల్లో ఒకటి, ఊపిరాడకుండా ఉంది. చంద్రప్పకు అర్థమయ్యేలా మండీ లెక్కలో చెప్పాను. వేలం వేసేవాడు ప్రాసెసర్, బాక్సులు మోసే హమాలీ గ్రాఫిక్స్ కార్డు. ఏ బండి ఎటు పోవాలో ప్రాసెసర్ తేలిస్తేనే కార్డు బొమ్మ గీస్తుంది. వేలం నిదానంగా సాగుతుంటే ఎంత బలమైన హమాలీని తెచ్చినా నిలబడి చూడాల్సిందే.

లావణ్య వెంటనే అందుకుంది. "అట్లయితే రిజల్యూషన్ తగ్గిస్తే కార్డు పని తగ్గుతుంది. అప్పుడు గూడా ఈడే ఆగితే, కార్డు తప్పు లేనట్లే గదక్కా?"

నేను చేయబోయిన పరీక్ష అదే. రిజల్యూషన్ అంటే బొమ్మలోని చుక్కల సంఖ్య. ఆమే తగ్గించింది. బొమ్మ మసకబారింది, కూడలిలో కుదుపు మాత్రం అలాగే ఉంది.

"కార్డు కాదు" అంది, తండ్రి భుజం మీద చెయ్యి వేసి. "చెయ్యి అస్సలు కాదు."

ఆయన చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

అదృష్టం కొద్దీ భాగాలన్నీ బిగించే ఆ మదర్‌బోర్డు అదే సాకెట్‌లో, అంటే ప్రాసెసర్ కూర్చునే గూట్లో, కొత్త తరం ప్రాసెసర్‌ను కూడా తీసుకుంటుంది. కొత్తదాన్ని గుర్తుపట్టడానికి బోర్డులో ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామును మారిస్తే చాలు. ఆ పని అప్పుడే చేసి, కంప్యూటర్‌ను వాళ్లతో పంపి, కొత్త ప్రాసెసర్‌కు ఆర్డరిచ్చాను. ప్రాసెసర్ వచ్చాక ఆదివారం నేనే పుంగనూరుకు తీసుకెళ్లాను. కాన్వాయ్ ఆ సాయంత్రమే. చంద్రప్ప భార్య మజ్జిగ ఇచ్చింది. పాతది తీసి, కొత్తది కూర్చోబెట్టి, వేడి లాగే పేస్టు పూసి, ఫ్యాను బిగించి బటన్ నొక్కాను. తెర నల్లగానే ఉంది. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి కొంచెం ఆలస్యమవుతుందని నాకు తెలుసు. అయినా ముగ్గురూ నా ముఖమే చూస్తుంటే కేబుళ్లన్నీ మళ్లీ ఒకసారి నొక్కి చూశాను. చివరికి తెర వెలిగింది.

స్పీకర్‌లో మునిరత్నం గొంతు వినిపించింది. "వచ్చినావాప్పా. కడాన, అందరికీ వెనక రా, ఏం తొందర లేదు."

"సరేప్పా" అన్నాడు చంద్రప్ప.

ఊరు వచ్చింది. నాలుగు వైపుల నుంచీ బళ్లు వస్తున్నాయి. బొమ్మ ఎక్కడా ఆగలేదు. చంద్రప్ప బస్సుకూ వ్యానుకూ మధ్యలోంచి లారీని తీసుకొచ్చి, ముందున్న లారీలను మర్యాదగా ఒక్కొక్కటీ దాటి, కూడలిలో ఆగి ఉన్న మునిరత్నం లారీ వెనక బెత్తెడు దూరంలో ఆపాడు.

స్పీకర్‌లో మునిరత్నం అడిగాడు. "ఎవురప్పా తోలేది, నీ కూతురా?"

"నేనేప్పా, చంద్రప్పను."

"నిజంగా?"

"నిజంగానే."

"అట్లయితే ముందుకు రా సామీ. దారి తెలీక ఇందాకట్నించీ వీళ్లందర్నీ ఊరికే తిప్పతాండాను."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. చంద్రప్ప ముందుకొచ్చి కుడిచేత్తో హారన్ కొట్టాడు. వెనక లారీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బదులిచ్చాయి. వంటింట్లోంచి ఆయన భార్య వచ్చి, "ఏందిది, వీదినిండా లారీలు నిలిచినట్లుండాది" అంది. లావణ్య ఆమెను పట్టుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

వేరే గేమైతే నా సలహా వేరుగా ఉండేది. బొమ్మ అందం మీదే నడిచే గేములకు గ్రాఫిక్స్ కార్డే కావాల్సి వస్తుంది. కానీ ఆ కేసు నాకు నేర్పింది విడిభాగాల సంగతి ఒక్కటే కాదు. యంత్రం చేసే ఆలస్యాన్ని మనుషులు తమ మీద వేసుకుంటారు, ముఖ్యంగా జబ్బుపడి లేచినవాళ్లు. అందుకే ఎవరైనా "కంప్యూటర్ బాగుంది, నాకే చేతకావడం లేదు" అంటే ఇప్పుడు నేను వెంటనే నమ్మను. వాళ్లను లేపి, ఆ కుర్చీలో నేను కూర్చుంటాను.