బోణీ బేరానికీ తగ్గలేదు

నా చిన్నప్పుడు వన్ టౌన్‌లో మా ఇంటి అరుగు మీద నాకూ అన్నయ్యకూ మొదలైన పోరు ముగిసిందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ వేసవిలో పామర్రు నుంచి మా తాతయ్య రెండు బస్తాల ఆవకాయ మామిడికాయలు పంపించారు. చెరో బస్తా అమ్మమని, బాగా అమ్మినవాళ్ళను సెలవులన్నాళ్ళూ తన బట్టల కొట్లో పక్కన కూర్చోబెట్టుకుంటానని నాన్న అన్నారు. అంటూనే అన్నయ్య భుజం తట్టారు. నాకు ఒళ్ళు మండింది.

అరుగుకు ఆ చివర వాడు, ఈ చివర నేను. పక్కింటి అత్తయ్య వచ్చి నా ధర అడిగి, వెళ్ళి వాడికి చెప్పింది. వాడు తగ్గించాడు. ఆ మాట నా దగ్గరికి మోసుకొచ్చింది. నేను ఇంకా తగ్గించాను. ఒకరి మీద ఒకరు గెలవాలన్న కసిలో కాయల సంగతే మరిచాం. చివరికి చెరో సగం బస్తా ఆవిడే కారుచౌకగా పట్టుకుపోయింది. సాయంత్రం తన గుమ్మంలో కత్తిపీట వేసుకుని, అవే కాయలు ముక్కలు కొట్టి వీధి వీధంతటికీ మంచి ధరకు అమ్మేసింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే.

వెళ్ళి దెబ్బలాడాను. "మోసమేముందే? ధర మీరే చెప్పారు, నేను తీసుకున్నాను. రేపైనా అన్నాచెల్లెళ్ళు ఒక మాట మీద ఉండండి" అని నవ్వింది.

"వాడితో ఒక మాట నాకెందుకు? రేపు మీరే నా కాయలు కొట్టిపెట్టండి, కూలి ఇస్తాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి సరేనంది.

మర్నాడు అత్తయ్య కత్తిపీట తెచ్చి నా పక్కన వేసుకుంది. మొదట ఎదురింటి మామ్మగారు వచ్చారు. బోణీకి వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపకూడదని కొట్టున్న ఇంటి పిల్లలకు ఉగ్గుపాలతోనే నేర్పుతారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "బోణీ బేరమే, తగ్గించవే" అన్నారు. తగ్గించనన్నాను. అన్నయ్య అటునుంచి కేకేసి తక్కువ ధర చెప్పాడు. ఆవిడ అక్కడే కొన్నారు. నాకు ఏడుపొచ్చింది గానీ ధర మాత్రం దిగలేదు.

కాసేపటికి అవే కాయలు సంచిలో పట్టుకొచ్చి, "కాస్త ముక్కలు కొట్టించవే" అన్నారు. కత్తిపీట దగ్గరికి లాక్కుంటున్న అత్తయ్యను ఆపి, "కాయలు కొన్నచోటే కొట్టించుకోండి మామ్మగారూ" అన్నాను. ఆవిడ విసవిసా వెళ్ళి సంచి అన్నయ్య ముందు గుమ్మరించి, డబ్బులు వెనక్కి తీసుకుని, తిరిగొచ్చి నా కాయలు నా ధరకే కొన్నారు. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ వచ్చారు. మధ్యాహ్నానికి నా బస్తా ఖాళీ. నాన్న పిలిచేదాకా ఆగకుండా కొట్టుకు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

మాకు పొత్తు నేర్పడానికే అత్తయ్య ఆ నాటకమాడిందని ఇంట్లో అందరూ అంటారు. కావచ్చు. నేను నేర్చుకున్నది మాత్రం అది కాదు. ఆ కొట్టు ఇప్పుడు నాది. "పక్క షాపులో తక్కువకిస్తున్నారండీ" అని ఎవరైనా అంటే, విప్పిన చీర మడత పెట్టేస్తూ "అయితే అక్కడే తీసుకోండమ్మా" అంటాను.

పక్క షాపు మా అన్నయ్యది.