ఖాళీ పెట్టెలోని వెలుగు

ఎనభైల మధ్యలో నేను సినిమా షూటింగుల్లో లైట్లు పెట్టే పని చేసేవాణ్ణి. ఒకసారి అరకులో ఓ కిరాణా వ్యాపారి ఇల్లు షూటింగ్‌కి తీసుకున్నారు. కింద ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. కొట్టు వీధి గదిలోనే.

ఓ తల్లి చీకట్లో టీవీ చూస్తుంటుంది, అదీ సీను. ఆ కొండల్లోకి టీవీ ఇంకా రాలేదు. వచ్చినా కెమెరాలో చారలు పడతాయి. అందుకని కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, ఖాళీ టీవీ పెట్టెలో చిన్న దీపం పెట్టి, నీలం కాగితం బిగించాను. పక్కన నక్కి కూర్చుని దాని ముందు వేళ్లు ఆడిస్తే, ఎదుటివాళ్ల ముఖం మీద బొమ్మలు కదులుతున్నట్టే ఉంటుంది.

నటికి మేకప్ అవుతోంది. ఈలోగా వెలుగు సరిచూసుకుందామని ఇంటావిణ్ణి కూర్చోమన్నాను.

"ఏటి సూడాల బాబూ?"

"ఏదో బొమ్మ వస్తోందనుకోండమ్మా."

వేళ్లు కదిపాను. ఆవిడ పెట్టె వైపు చూడలేదు. తన చేతుల మీద పారుతున్న వెలుగునే చూస్తూ ఉండిపోయింది.

"మా గుంట మొకం మీద ఇలాగే పడేది," అంది.

కూతురి సంగతి ఆవిడే చెప్పింది.

"పోయినేడు వానల్లో జొరమొచ్చింది. విశాఖ ఆస్పత్రిలో ఎదురు గదిలో టీవీ ఉండేది. అద్దం తలుపులోంచి ఎలుగు పడేది గానీ బొమ్మ కనిపించేది కాదు. 'అమ్మా, ఏటి సూపిత్తన్నారు?' అనేది. నాకేటి తెలుసు? ఏనుగొచ్చిందనేదాన్ని. పెళ్లవతందనేదాన్ని. నవ్వేది. ఆకరి దాకా అలా సెప్తానే ఉన్నాను. ఇనడం ఎప్పుడు మానేసిందో తెలీనేదు బాబూ."

నా చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు," అంది.

డైరెక్టర్ పిలిచేదాకా ఆడిస్తూనే ఉన్నాను. ఆవిడ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. షాట్ తీస్తున్నప్పుడు చూడ్డానికి రాలేదు.

సాయంత్రం వైర్లు చుడుతుంటే ఆవిడ భర్త కొట్టులోంచి వచ్చాడు.

"మా ఆవిడ నీతో మాటాడిందట. ఏటంది? నాతో ఆ ఊసే ఎత్తదు. కొట్టు ఒగ్గీసి నేను బేగి ఆస్పత్రికి ఎల్లలేకపోనాను. అప్పటికే అయిపోనాది."

చెప్పాలా వద్దా అని తటపటాయించాను. చివరికి విన్నదంతా చెప్పాను. ఆయన గోడకు చెయ్యి ఆనించుకుని విన్నాడు.

"పెళ్లన్నదా? ఎవులి పెళ్లని సెప్పిందట గుంటకి?"

"నాకు తెలీదండీ. ఆవిణ్ణే అడగండి."

ఆయన కొట్టు వైపు కాకుండా వంటింట్లోకి వెళ్లాడు.

మా లారీ కదిలే వేళకు పసుపు మూటలతో వచ్చిన రైతులిద్దరు కొట్టు ముందు నిలబడి కేకేస్తున్నారు. ఆయన ఇంకా బయటికి రాలేదు.