నేలకు అంటుకున్న గీత

చింతామణిలో బీఎస్సీ గణితం చదువుతున్నాను. ఆ రోజు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసులో మేడం రోగం పాకే తీరును బోర్డు మీద గీశారు. మొదట్లో గీత నేలకు అంటుకున్నట్టే ఉండి, తర్వాత ఒక్కసారిగా పైకి లేచింది.

సాయంత్రం దిబ్బూరహళ్ళిలో మా పట్టుపురుగుల షెడ్డులోకి వెళ్తే, ఒక తట్టలో కొన్ని పురుగులు పసుపుపచ్చగా ఉబ్బి, ఆకు ముట్టకుండా పడున్నాయి.

"నాయనా, ఈ తట్టంతా పారేద్దాం" అన్నాను.

"నాలుగు పురుగులకి తట్టంతా యాడ పారేసేదమ్మా? ఏరేస్తే సరిపోతాది" అని నాయన నవ్వాడు.

కొద్ది రోజులకు ఓ ఉదయం షెడ్డు తలుపు తీస్తే ఆకు నమిలే చప్పుడే లేదు.

"నిద్రకు పోయిండాయి లేమ్మా" అన్నాడు నాయన, గొంతు తగ్గించి.

కుబుసం విడిచే ముందు మేత మాని నిద్రకు పోయిన పట్టుపురుగు తల పైకెత్తుకుని ఉంటుంది. ఏ తట్టలోనూ ఒక్క తలా లేచి లేదు.

ఇప్పటికీ ఆ గీత గీసేటప్పుడు, అది నేలకు అంటుకుని ఉన్నచోటే నాకు భయమేస్తుంది.